తలకెక్కిన సంగీతం

హెడ్‌ఫోన్లు ఎలా ఉన్నాయని అడిగేవాళ్లంతా చెవుల సంగతే అడుగుతారు. తల సంగతి ఎవరూ అడగరు. బేస్ ఎలా ఉంది, ట్రెబుల్ ఎలా ఉంది, వెనకాల వాయించే వాద్యాలు విడివిడిగా వినిపిస్తున్నాయా లేదా, ఇదీ వరస. ఆఖర్న ఎప్పుడో గుర్తొస్తే, "అన్నట్టు, పెట్టుకుంటే హాయిగానే ఉంటుందా?" అంటారు. చెవుల్ని పూర్తిగా కప్పేసే పెద్ద హెడ్‌ఫోన్ల విషయంలో ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు కావు. శబ్దానికో పద్దు, సుఖానికో పద్దు రాసుకున్నవాడు రెండు చోట్లా నష్టపోతాడు.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేసి చూడండి. వెనక భాగం మూసి ఉండే రకం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మృదంగం బాగా వినిపించే కచేరీ ఏదైనా పెట్టండి. ఒక కప్పుని దవడ దగ్గర వేలితో కొంచెం ఎత్తండి. అగ్గిపుల్ల దూరేంత సందు చాలు. పాడేవాళ్ల గొంతుకి పెద్దగా ఏమీ కాదు, వయొలిన్ కూడా ఉన్నచోటే ఉంటుంది. మృదంగం ఎడమ వైపు మాత్రం మాయమైపోతుంది. రవ్వ ముద్ద అద్దిన ఆ మూత మీద అరచేయి జరిపితే వచ్చే బరువైన వంపు పోయి, ఎవరో అట్టపెట్టె మీద కొడుతున్నట్టు ఉంటుంది. వేలు తీసేయగానే మళ్లీ వచ్చేస్తుంది. కప్పుకీ చెంపకీ మధ్య చిక్కుకున్న గాలి అటూ ఇటూ పోకుండా ఉంటేనే ఆ కింది స్థాయి శబ్దాలు నిలబడతాయి. బేస్ పుట్టేది కంపెనీవాడు కప్పులో బిగించిన చిన్న స్పీకర్‌లో, అంటే డ్రైవర్‌లోనే. అది నిలబడేది మాత్రం మన చెంప మీద.

ఆ సందు చేయడానికి వేలే అక్కర్లేదు. కళ్లజోడు కాడ చాలు. మందపాటి ప్లాస్టిక్ కాడలున్న కళ్లజోడు పెట్టుకునేవాడికీ, సన్నని తీగ ఫ్రేము పెట్టుకునేవాడికీ ఒకే హెడ్‌ఫోన్ రెండు రకాలుగా వినిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరూ పోట్లాడుకుంటారు. ఇక మన ఇళ్లలో ఆడవాళ్ల చెవులకి దిద్దులు, జూకాలు, మాటీలు ఉంటాయి. రాజమండ్రిలో మా పిన్నికి ఓసారి నా హెడ్‌ఫోన్లు పెట్టి బాలమురళి గారి కచేరీ వినిపించాను. కాసేపు కళ్లు మూసుకుని విని, "ఒరే, పాట బాగుంది గానీ దిద్దు వెనకాల సీల గుచ్చుకుంటోందిరా" అంది. దిద్దులు తీసి గూట్లో పెట్టి మళ్లీ పెట్టుకుంది. ఈసారి చెవి నొప్పి గురించి మాట్లాడలేదు. "ఇందాక మృదంగం ఇంత లేదే" అంది. పేరున్న సమీక్షకులు పేజీలకు పేజీలు రాస్తారు గానీ, చెవికి నగ ఉంటే ఏమవుతుందో ఒక్క ముక్క రాసినవాళ్లు నాకు తగల్లేదు. పిన్ని ఒక్క మాటతో తేల్చేసింది.

కప్పుల అంచున ఉండే మెత్తల సంగతీ అంతే. చాలా హెడ్‌ఫోన్లకి రెక్సిన్ మెత్తలే వస్తాయి. గాలిని బాగా పట్టి ఉంచుతాయి కాబట్టి బేస్ దిట్టంగా ఉంటుంది. గాలి ఆడదు కాబట్టి మే నెలలో విజయవాడలో పెట్టుకుంటే చెవులు ఉడుకుతాయి. చెమటా, కొబ్బరినూనే కలిసి ఆ రెక్సిన్‌ని మెల్లగా తినేస్తాయి. విశాఖ, కాకినాడ ఉక్కకి అది ఇంకా తొందరగా పొట్టు లేచి, తీసినప్పుడల్లా చెంపల మీద నల్ల పొలుసులు మిగులుస్తుంది. మఖమల్ లాంటి బట్ట మెత్తలు చల్లగా ఉంటాయి, కానీ గాలిని కొంత వదిలేస్తాయి. బేస్ ఆ మేరకు పలచబడుతుంది. మెత్త అణిగిపోయినా చిక్కే. చెవి డ్రైవర్‌కి దగ్గరవుతుంది, లోపలి గుడ్డ చెవి అంచుకి రాసుకుంటుంది, పాట రంగు మారుతుంది. "కొన్నప్పుడు ఇలా లేదండీ" అని వాపోయేవాళ్లలో చాలామందికి కావలసింది కొత్త హెడ్‌ఫోన్లు కాదు, కొత్త మెత్తలు. అసలు కంపెనీవి కాకుండా దొరికినవి తగిలిస్తే శబ్దం ఇంకో దారి పడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

బరువు దగ్గరికి వద్దాం. 1997 నుంచీ సంగీతప్రియులు చెప్పుకుంటున్న సెన్‌హైజర్ హెచ్‌డి 600 సుమారు 260 గ్రాములు. ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385 గ్రాముల దాకా తూగుతుంది. ఖరీదైన రకాల్లో అరకిలో దాటినవీ ఉన్నాయి. అయితే తూకం ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పకూడదు. పైపట్టీ నడినెత్తిన ఒక్కచోటే ఆనితే పావుకిలో కూడా గంట తిరిగేసరికి మేకు దిగినట్టుంటుంది. వెడల్పుగా పరుచుకుంటే అంతకు మించిన బరువు కూడా తెలియదు. పక్కల నుంచి నొక్కే పట్టు మరీ బిగుతైతే కణతలు లాగుతాయి, మరీ వదులైతే వంగి చెప్పులు తొడుక్కునేసరికి ముక్కు మీదికి జారుతుంది. బిగుతు తగ్గించడానికి రాత్రంతా పుస్తకాల దొంతరకి తొడిగి ఉంచడం అందరూ చేసే పనే. మా ఇంట్లో ఆ బాధ్యత బ్రౌన్ దొరగారి నిఘంటువుది. కాకపోతే ఆ వైద్యం కూడా మోతాదులోనే చేయాలి. పట్టు సడలితే మెత్త చెంపకి ఆనదు, గాలి జారిపోతుంది, మళ్లీ మృదంగం మూగబోతుంది. సుఖం కొంచెం ఎక్కువ కోరినా శబ్దంలోనే చెల్లించాలి.

శబ్దాన్ని పరీక్షించడానికి చాలామంది ఇంగ్లీషు పాటల జాబితాలు దగ్గర పెట్టుకుంటారు. అవి మంచి రికార్డింగులే, కాదనను. కానీ మనకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన శబ్దాలు మన భాషలోనే ఉన్నాయి. తెలుగు మాట్లాడే గొంతు పెట్టుకుని స, శ, ష మూడూ వినండి. 'స'లో ఈల లాంటి సన్నని గాలి ఉంటుంది. దాని జోరు సుమారు 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య బాగా తెలుస్తుంది. ఆ ప్రాంతాన్ని ఎగదోసిన హెడ్‌ఫోన్లో ప్రతి 'స' చెవిలో సూదై దిగుతుంది. దాన్ని అణగదొక్కిన హెడ్‌ఫోన్లో శాలువా, షావుకారు, సావిత్రి ముగ్గురూ ఒకే ఇంటివాళ్లయిపోతారు. చాపలో 'చ', చేపలో 'చ' వేరువేరుగా పలుకుతాం కదా, ఆ తేడా స్పష్టంగా అందాలి. ఇంట్లోవాళ్లు మాట్లాడుతుంటే ఫోన్లో రికార్డు చేసుకుని వింటే ఇంకా మంచిది. రికార్డింగ్ లోపాలు రికార్డింగ్‌కి ఉన్నా, మనిషి ముక్కుతో మాట్లాడుతున్నట్టుందా, కుండలోంచి మాట్లాడుతున్నట్టుందా అన్నది క్షణంలో పట్టేస్తాం. ఆ గొంతు అసలు ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత ఘంటసాల. 1957 నాటి 'మాయాబజార్' రోజుల పాటలన్నీ మోనో. ఎడమ చెవికీ కుడి చెవికీ వెళ్లేది ఒక్కటే శబ్దం. అందుకే గొంతు సరిగ్గా తల మధ్యలో, రెండు కనుబొమల వెనకాల నిలబడాలి. అది ఒక పక్కకి ఒరిగితే రెండు డ్రైవర్లకీ పొత్తు కుదరలేదన్నమాట, లేదా ఒక పక్క మెత్త సరిగా ఆనలేదన్నమాట. కప్పు సర్దుకుని మళ్లీ వింటే దోషం ఎవరిదో తెలిసిపోతుంది. స్టీరియో ఆర్భాటంలో ఇలాంటి లోపాలు దాక్కుంటాయి, మోనోలో దాక్కునే చోటే లేదు. పై స్థాయి శబ్దాలకి తంబురాని మించిన పరీక్ష లేదు. బ్రిడ్జి మీద తీగల కింద దూర్చే నూలు పోగు వల్ల ఆ తీగలు మోగడంతో ఆగవు, మెరుస్తాయి. ఒక స్వరంలోంచి ఇంకొన్ని స్వరాలు విచ్చుకుంటాయి. మంచి హెడ్‌ఫోన్లో ఆ మెరుపు వరుసగా పైకి లేచి కరిగిపోతుంది. నాసిరకంలో తంబురా తేనెటీగల రొద అవుతుంది.

రొద మాట వచ్చింది కాబట్టి, బయటి చప్పుడుని చంపే రకాల గురించీ చెప్పుకోవాలి. అలాంటివి అమ్మకానికి రావడం వెనకాల ఒక బెంగాలీ తండ్రి కొడుకు ఉన్నాడు. అమెరికాలో పుట్టి ఎంఐటీలో పాఠాలు చెప్పిన అమర్ బోస్ 1978లో జూరిక్ నుంచి బోస్టన్‌కి విమానంలో వెళ్తూ, ఇచ్చిన హెడ్‌ఫోన్లో ఇంజన్ హోరు తప్ప సంగీతం వినిపించక, కూర్చున్నచోటే లెక్కలు వేసుకున్నాడు. 1989లో పైలట్ల కోసం ఆయన కంపెనీ హెడ్‌సెట్ అమ్మకానికి వచ్చింది. ఆ కంపెనీ రకం మామూలు జనానికి అందింది 2000లో. కిటుకు తేలికే. కప్పులోని మైకు బయటి చప్పుడుని వింటుంది, దానికి సరిగ్గా తిరగేసిన అలని డ్రైవర్ వినిపిస్తుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. విడవకుండా సాగే కింది స్థాయి హోరు మీదే దీని ప్రతాపం. మన వంటింటి పక్క గదిలో కూర్చుని చూడండి. ఫ్యాను మాయమవుతుంది, ఫ్రిజ్ మాయమవుతుంది, మిక్సీ సగం తగ్గుతుంది, కుక్కర్ విజిల్ మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తుంది. ఆ విజిల్‌ని ఆపాల్సింది ఎలక్ట్రానిక్స్ కాదు, మెత్తలు. మెత్త చెంపకి ఆనకపోతే అదీ ఆపలేదు. ఎన్ని వేలు పోసినా కథ మళ్లీ చర్మం దగ్గరికే వస్తుంది. కొందరికి ఆ మీట నొక్కగానే చెవులు దిబ్బెళ్లు వేసినట్టు ఉంటుంది. అలాంటివాళ్లకి ఎంత గొప్ప మౌనమైనా శిక్షే.

వేలు అన్నాను కాబట్టి ధర సంగతి. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతల్ని వాటి ధరల పక్కన పెట్టి చూశాడు. ఏ స్థాయి శబ్దాన్ని ఎంత గట్టిగా వినిపిస్తాయన్న తీరుకీ ధరకీ సంబంధం కనబడలేదు. పెట్టిన డబ్బు లోహానికి, తోలుకి, పెట్టెకి, పేరుకి కూడా పోతుంది మరి. హార్మన్ కంపెనీలో షాన్ ఓలివ్ బృందం ఏళ్ల తరబడి జనానికి వినిపించి, మంచి గదిలో మంచి స్పీకర్ల ముందు కూర్చున్నట్టు వినిపించే హెడ్‌ఫోన్లే ఎక్కువమందికి నచ్చుతాయని తేల్చింది. ఇప్పుడు సమీక్షల్లో కనబడే కొలతల గీతల్లో చాలావాటిని ఆ బృందం గీసిన గీతతోనే పోల్చి చూస్తారు. వాటిని నేనూ చూస్తాను. పనికొచ్చేవే. అయితే ఆ కొలతలు తీసేది బొమ్మతల మీద. ఆ తలకి చెమట పట్టదు, కళ్లజోడు ఉండదు, దిద్దులు ఉండవు, "ఇంక చాలు" అని విసుగు పుట్టదు. చెవి డొప్ప ఆకారం మనిషికో రకం కాబట్టి పై స్థాయి శబ్దాలు అందరికీ ఒకేలా అందవు కూడా. తాను వలచింది రంభ అన్న సామెత ఇక్కడ అభిరుచి గురించే కాదు, శరీర నిర్మాణం గురించి కూడా.

అందుకే కొట్టులో వినిపించే రెండు నిమిషాల పాట మీద నాకు నమ్మకం లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో కుర్రాడు హెడ్‌ఫోన్ నెత్తిన పెట్టి, "బేస్ జూడన్నా, గుండె అదురుతది" అంటాడు. నిజంగానే అదురుతుంది. అతను వాల్యూమ్ ముప్పాతిక మీద పెట్టాడు. మనిషి చెవి తక్కువ శబ్దంలో బేస్‌ని సరిగా పట్టుకోలేదనీ, శబ్దం పెంచేకొద్దీ అది నిండుగా వినిపిస్తుందనీ ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చెప్పారు. ఆ కుర్రాడు వాళ్ల పేర్లు వినకపోయినా వాళ్ల సిద్ధాంతంతోనే బతుకుతున్నాడు. రెండు హెడ్‌ఫోన్లు పక్కపక్కన వినిపిస్తే గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుంది. చీర కొనేటప్పుడు ట్యూబులైటు కింద రంగుని నమ్మరు, గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూస్తారు. హెడ్‌ఫోన్‌కి ఆ ఎండ తక్కువ వాల్యూమే. రెండింటి శబ్దం సమానం చేసి, ఇంకా తగ్గించి వినండి. అప్పుడు కూడా మృదంగం ఎడమ వైపు, తంబురా మెరుపు, 'శ'కీ 'ష'కీ తేడా మిగిలితే ఆ వస్తువులో పస ఉన్నట్టు. చెవులకీ అదే మంచిది. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెళ్లు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెంచితే గానీ బాగుండని హెడ్‌ఫోన్ ఆ హద్దుని రోజూ దాటిస్తూనే ఉంటుంది.

ఇంకో పరీక్ష ఉంది గానీ అది ఏ కొట్టువాడికీ నచ్చదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాటే పెట్టకుండా అరగంట కూర్చోవాలి. మన కళ్లజోడుతో, మన దిద్దులతో, తలకి రాసుకున్న నూనెతో సహా. ఆవలించాలి, తల తిప్పాలి, ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడాలి. దవడ కదిలినప్పుడల్లా కప్పు లేస్తోందా, నెత్తి మంట పుడుతోందా, చెవి అంచు ఎక్కడైనా నలుగుతోందా అన్నది మౌనంలోనే తెలుస్తుంది. పాట ఉంటే అది మనల్ని మభ్యపెడుతుంది. ఈ అరగంట నెగ్గిన హెడ్‌ఫోన్‌కే వినిపించే అర్హత. కాబట్టి ఈసారి కొనడానికి వెళ్లినప్పుడు, "ఇంకో పాట పెట్టమంటవా అన్నా?" అని కుర్రాడు అడిగితే, "పాటొద్దు తమ్ముడూ, ఓ కుర్చీ వెయ్యి" అనండి.