దవడ చాటు వెండి

నవ్వితే కనిపించేవి ముందు పళ్లు. అన్నం నమిలి పెట్టేవి మాత్రం వెనకనున్న దవడ పళ్లు. నోరు బార్లా తెరిచి, లైటు వేస్తే తప్ప అవి కనపడవు. అలాంటి చోట ఓ నల్లటి మచ్చ ఉందని తెలిస్తే మాత్రం ఈ రోజుల్లో కంగారు మొదలవుతుంది.

హైదరాబాద్‌ ప్రగతి నగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్న ఓ రిటైర్డ్‌ మాస్టారికి అలాంటి మచ్చే ఉంది. పాతికేళ్ల కిందట పిప్పిపన్నుకు పెట్టించుకున్న వెండి సిమెంటు అది. హైటెక్‌ సిటీలో పనిచేసే కొడుక్కి ఉన్నది పంటి రంగులో కలిసిపోయే తెల్ల ఫిల్లింగ్‌. ఆరేళ్లు తిరక్కుండానే రెండోసారి వేయించుకున్నాడు. అయినా 'నాన్నా, మీ దాంట్లో పాదరసం ఉందట, తీయించేద్దాం' అని పట్టుబట్టింది అతనే! మాస్టారిది ఒక్కటే మాట... 'జంతికలు నములుతున్నాను కదరా, ఇంకేం కావాలి?'

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

ఆ వెండి సిమెంటు అసలు పేరు అమాల్గమ్‌. బరువులో దాదాపు సగం పాదరసం. మిగతాది వెండి, తగరం, రాగి. వేసిన కాసేపటికే గట్టిపడటం మొదలవుతుంది కానీ పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. 'ఇవాళ ఆ పక్క నమలకండి' అని డాక్టర్లు చెప్పేది అందుకే. కొద్దిపాటి తడి తగిలినా అమాల్గమ్‌ తట్టుకుంటుంది. తెల్లదానికి అలా కాదు. వేసేటప్పుడు పన్ను పొడిగా ఉండాలి. పైగా నీలి కాంతిలో గట్టిపడుతూ అది కాస్త కుంచించుకుపోతుంది. అంచున సందు ఏర్పడిందా, లోపల మళ్లీ పుచ్చు! అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడపట్టిన 2014 నాటి కోక్రేన్‌ సమీక్ష, వెనక పళ్లలో తెల్లవి విఫలమయ్యే ప్రమాదం దాదాపు రెట్టింపని తేల్చింది.

అలాగని తెల్లదాన్ని తీసిపారేయలేం. అమాల్గమ్‌ పన్నుకు అతుక్కోదు. పట్టు కోసం మంచి పన్నునూ కొంత చెక్కాలి. తెల్లదానికి పుచ్చు తీస్తే చాలు.

మరి పాదరసం సంగతి? ఫిల్లింగ్‌ నుంచి వెలువడే ఆవిరి చాలా తక్కువ. అయినా గర్భిణులు, చిన్నపిల్లలు, కిడ్నీ జబ్బులున్నవారికి కొత్తగా వేయొద్దని 2020లో అమెరికా ఎఫ్‌డీఏ సూచించింది. బాగున్నవాటిని తీయించొద్దని కూడా అప్పుడే చెప్పింది. ఎందుకంటే తవ్వేటప్పుడే ఆవిరి ఎక్కువగా వస్తుంది, మంచి పన్నూ అరిగిపోతుంది. ప్రపంచం దీన్ని వదిలించుకుంటున్నది ప్రధానంగా పర్యావరణం కోసం. పాదరసం నీళ్లలో కలిసి చేపలకు చేరుతుంది మరి. అందుకోసం 2013లో కుదిరిన మినమాటా ఒప్పందాన్ని భారత్‌ 2018లో ఆమోదించింది. యూరోపియన్‌ యూనియన్‌ 2025 జనవరి నుంచి అమాల్గమ్‌ను దాదాపుగా ఆపేసింది. 2034 నాటికి అంతటా ఆపాలని 2025 నవంబరులో ఒప్పందంలోని దేశాలు నిర్ణయించాయి.

అంటే, కొత్తగా వేయించుకునేవారికి మున్ముందు వెండి దొరకదు. పాతదున్నవారు భయపడి తవ్వించుకోనక్కర్లేదు. విరిగినా, కదిలినా, అంచున పుచ్చినా సరే... అప్పుడు మార్చాలి. రంగు నచ్చలేదని మార్చిన ప్రతిసారీ గుంత పెద్దదవుతుంది. ఆ దారి చివర ఉండేది రూట్‌ కెనాల్‌, ఆపైన క్యాప్‌! అనుమానముంటే అఫ్జల్‌గంజ్‌ ప్రభుత్వ దంత వైద్యశాలలోనైనా మరో డాక్టరుకు చూపించుకోవచ్చు.

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. నిలబెట్టుకోవడానికి మాత్రం ఏ సిమెంటైతేనేం అనుకుంటే కుదరదు.