చెప్పువాని దోషము

చెప్పిన మాట చెడినప్పుడు విన్నవానిని నిందించుట మనకు పరిపాటి. ఇరువది యేండ్లుగా బడిపంతులు పని చేయుచున్న నాకు ఈ యలవాటు మరింత ముదిరినది. గడచిన విద్యాసంవత్సరములో ఒక యంత్రము నాకు దీనినిగూర్చి పాఠము చెప్పినది. ఆ కథ కొంత సిగ్గుతోనే వ్రాయుచున్నాను.

బడికి రాని పిల్లల యిండ్లకు కబురు పంపుటకై నా పూర్వవిద్యార్థి యొకడు కృత్రిమ మేధతో పనిచేయు ఏజెంటు నొకదానిని మా పాఠశాలలో ఏర్పాటు చేసెను. అడిగినదానికి బదులు చెప్పి యూరకుండక, తనకిచ్చిన పనిముట్లలో తగినదానిని తానే యెన్నుకొని పని నెరవేర్చునది ఏజెంటు. ఆ పనిముట్లనే టూల్సు అందురు. మాకు రెండే యుండెను: హాజరుపట్టీ చూచునది యొకటి, తల్లిదండ్రుల ఫోనునకు సందేశము పంపునది యొకటి. ప్రతి టూలునకు ఒక పేరు, ఒక వివరణము, అది కోరు సమాచారముల పట్టిక యుండును. 2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఒడంబడికలోను ఇదియే పద్ధతి. టూలు లోపల నేమి జరుగునో ఏజెంటునకు కనబడదు. పైనున్న యీ వ్రాతయే దానికి సర్వస్వము.

"మాస్టారూ, ఆ వివరణలు మీరు రాసిపెట్టండి. మీకంటె స్పష్టంగా ఎవరు రాస్తారు?" అని నా శిష్యుడనెను. నేను పొంగిపోయితిని. "విద్యార్థి హాజరు తెలుపును", "విద్యార్థి తల్లిదండ్రులకు తెలుపును" అని రెండు పంక్తులు వ్రాసి, సూత్రములవలె నున్నవని మురిసితిని.

తొమ్మిదవ తరగతిలో ఒకే పేరుగల బాలికలిద్దరు కలరు. ఒకనాడు వారిలో నొకతె రాలేదు. ఏజెంటు ఆ పేరునే టూలున కిచ్చెను. టూలు ఆ పేరుతో మొదట దొరికిన యింటికి సందేశము పంపెను. అది బడిలో కూర్చుండి లెక్కలు చేయుచున్న రెండవ బాలిక యిల్లు! ఆమె చదువు మాన్పింతునా యని తండ్రి అదివరకే ఊగిసలాడుచుండెను. మరునాటినుండి నాలుగు దినములు ఆ పిల్ల బడికి రాలేదు.

"యంత్రము పొరబడినది" అని అందరు ననిరి, నేనును అంటిని. నా శిష్యుడు మారుమాటాడక ఏజెంటు చేసిన పనులన్నియు వరుసగా నమోదైన చిట్టాను నా ముందుంచెను. విద్యార్థి యెవరని టూలు కోరినది. ఏజెంటు పేరు చెప్పినది. పేరు చాలదని నేనెక్కడ వ్రాసితిని? ఒకే పేరు గలవారిద్దరుండవచ్చునని ఎక్కడ హెచ్చరించితిని? అది నా వాక్యమునకు విధేయముగానే నడచినది.

సైంధవమనగా ఉప్పు, గుర్రము కూడ. భోజనమునకు కూర్చున్నవాడు సైంధవము తెమ్మన్న ఉప్పనియు, ప్రయాణమునకు లేచినవాడు తెమ్మన్న గుర్రమనియు గ్రహింపవలెనని ఏటేట పిల్లలకు చెప్పుచుందును. వినువానికి సందర్భము కనబడుచుండుటచేతనే అది సాధ్యము. పాణిని సూత్రములు సుమారు 4000. వాని వెంట కాత్యాయనుని వార్తికములు, పతంజలి మహాభాష్యము, బోధించు గురువు ఉండబట్టియే అవి మనకు బోధపడుచున్నవి. ఏజెంటునకు ఏ భాష్యమును లేదు. నేను సూత్రములలోని కురుచదనమును మాత్రము అనుకరించి, వాని నిస్సందేహత్వమును విడిచితిని.

మరల వ్రాసితిని: "బడికి రాని ఒక విద్యార్థి యింటికి ఆ సంగతి తెలుపుచు సందేశము పంపును. హాజరుపట్టీ చూచి, రాలేదని తేలిన పిమ్మటనే దీనిని వాడుము. హాజరు తెలిసికొనుటకు దీనిని వాడకుము. అడ్మిషను నంబరు ఇమ్ము, పేరు చాలదు. తేదీని 2025-07-04 వలె సంవత్సరము, నెల, దినము అను వరుసలో ఇమ్ము. పంపిన సందేశమును వెనుకకు తీసికొన వీలులేదు."

నా శిష్యుడు టూలును సైతము దిద్దెను. "విద్యార్థి" అని యున్న గడికి "అడ్మిషను నంబరు" అని పేరు మార్చెను. పేరు మాత్రమే యిచ్చినచో "తప్పు" అని యూరకుండక, "ఆ పేరుతో ఇద్దరున్నారు, అడ్మిషను నంబరు ఇమ్ము" అని బదులు చెప్పునట్లు చేసెను. మరియు, ఎంత చక్కగా వ్రాసినను మాటపైననే భారము వేయరాదని, తరగతి ఉపాధ్యాయుడు చూచి యనుమతించు వరకు సందేశము కదలకుండ కట్టడి చేసెను.

ఇక బాలిక మాట. ఐదవనాడు వారింటికి పోయి, పొరపాటు నాదని చెప్పితిని. ఆ తండ్రి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "బడికని బయలుదేరిన పిల్ల బడిలో లేదని మీరే కబురంపారు మాస్టారూ. నా బిడ్డ ఏడ్చి చెప్పినా నేను మీ మాటే నమ్మాను" అనెను. నాకు నోట మాట రాలేదు. అచ్చువలె కనబడు అక్షరములకు బిడ్డ కన్నీటికంటె ఎక్కువ నమ్మకము దొరకు కాలమిది. అట్టి యక్షరములను పంపు పనిముట్టునకు వివరణము వ్రాయుట అల్పకార్యమని నేనెట్లనుకొంటిని?

చదువరులారా, యంత్రములతో మనకు పనిలేదని కొందరనవచ్చును. కాని "అదేదో అక్కడున్నది, తెమ్ము" అని యింటివారితో ననుట, తేనివానిపై కసరుట మనకు క్రొత్త కాదు. యంత్రము ఎదురాడక, నా మాట నున్నదున్నట్లు చేసి చూపుటచేత నా దోషము బయటపడినది. ఇన్నాళ్లు నా ముందు తలవంచుకొని నిలిచిన పిల్లలలో ఎందరు నిర్దోషులో!

మరునాడు ఆ బాలిక బడికి వచ్చెను. గుమ్మమువరకు వెంట వచ్చిన తండ్రి, "ఇక ఇలా జరగదు కదా?" అని యడిగెను. "జరుగదని ప్రమాణము చేయలేనయ్యా. కాని యిటుపై ఏ కబురైనను పోకముందు మీ పిల్ల తరగతిలో నున్నదో లేదో ఒక మనిషి కన్నులార చూచును" అంటిని. ఆయన తల యూపి వెడలిపోయెను.