గేట్లెత్తారట!

రాజమండ్రిలో కాపురమున్నవాడికి మునిసిపాలిటీవారి పన్నులు కాక మరొక పన్ను వుంది. అది గోదావరి పన్ను. యేడాదికి నాలుగుసార్లయినా చుట్టాలు దిగుతారు. మనల్ని చూడటానికే వచ్చామని పైకి అంటారుగాని, కాఫీ తాగిన అరగంటకల్లా "మరి గోదావరెప్పుడు చూపిస్తారు?" అంటారు. అందులో తప్పేమీ లేదు. నేనే గనక హైదరాబాదులో మూడో అంతస్తులో వుంటూ, టాంకరు నీళ్ళతో స్నానం చేసేవాణ్ణయితే గోదావరి కనపడగానే చొక్కా విప్పేద్దును.

వచ్చేవాళ్ళలో రకాలున్నాయి. పెద్దవాళ్ళు కోటిలింగాల రేవులో మూడు మునకలు వేసి తృప్తిపడతారు. వీళ్ళతో యే చిక్కూ లేదు. నడివయస్సువాళ్ళకు ధవళేశ్వరం ఆనకట్ట చూడాలి. కుర్రవాళ్ళకు పాపికొండలు కావాలి. ఈ మూడింటిలోనూ చేరని రకం ఒకటి వుంది. అది మా మేనల్లుడి రకం. ఆగస్టు నెల రాగానే ఫోను చేస్తాడు: "మావయ్యా, గేట్లెత్తారట! టీవీలో చూపించారు. శనివారం బయల్దేరుతున్నాం."

ఈ "గేట్లెత్తారట" అన్నమాటతో నాకొక చిన్న తగువు వుంది. యెవరో ఇంజనీరు మీట నొక్కి, దాచిపెట్టిన నీళ్ళు మన మీదికి వదిలాడన్నట్టు వుంటుందా మాట. నాగార్జునసాగరానికి చెల్లుతుందేమో, అక్కడ దాచటమంటూ వుంది. ధవళేశ్వరంలో దాచేందుకు చోటేదీ? కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట పనల్లా నీటిని కాస్త యెత్తుకు లేపి కాలువల్లోకి మళ్ళించటం. దాని స్థానంలో 1970లో మొదలై 1982లో పూర్తయిన యిప్పటి బారేజీ పనీ అదే. మధ్య మధ్య లంకలు అడ్డొచ్చి, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలైన ఆ కట్టకు మొత్తం 175 గేట్లు. వరద వచ్చిందంటే అవన్నీ పైకి లేపి, "వెళ్ళు తల్లీ" అని దారివ్వటమే. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే సముద్రానికి పోవాలి.

పైగా ఆ నీళ్ళు మన వాన నీళ్ళు కావు. ప్రాణహిత తెచ్చినవి, ఇంద్రావతి తెచ్చినవి, శబరి తెచ్చినవి. మహారాష్ట్రలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ కురిసిన వాన మన రేవుకు వచ్చేసరికి మన నెత్తిమీద ఫెళఫెళలాడే యెండ కాస్తూండవచ్చు. చుట్టాలకు అర్థం కానిదిదే. "వానేదీ? మబ్బైనా లేదే! యింత మంచి రోజు మళ్ళీ దొరుకుతుందా?" అంటారు. గోదావరి సంగతి తెలియాలంటే ఆకాశం వంక చూడటం కాదు, భద్రాచలం వంక చూడాలి. అక్కడ పెరిగిన నీరు గంటల లెక్కన మన దగ్గరికి వచ్చేస్తుంది.

రెండేళ్ళ క్రితం సంగతి. మా మేనల్లుడు భార్యతో, యిద్దరు పిల్లలతో, ఆఫీసు స్నేహితుల రెండు కుటుంబాలతో దిగాడు. అప్పటికి పాపికొండల బోట్లు ఆపేశారు. సరే, బోట్లు లేకపోతే మాత్రమేం, ఒక పడవ మాట్లాడుకుని వంతెనల కిందుగా వెళ్ళి ఫోటోలు తీసుకుని వద్దామన్నాడు. రేవులో నాకు తెలిసిన పల్లెకారు ఆయన వున్నాడు. అరవై దాటినవాడు. పడవ ఒడ్డుకు లాగి, బోర్లించి, దాని నీడలో వల బాగుచేసుకుంటున్నాడు.

"ఇయ్యాల తియ్యనండి," అన్నాడు తలెత్తకుండానే.

మావాడు అయిదువందలన్నాడు. తర్వాత వెయ్యి. తర్వాత రెండువేలు.

"డబ్బు గురించి కాదండి బాబూ. నీళ్ళు ఎర్రబడి మూడోరోజండి. మానులు కొట్టుకొస్తన్నాయి. ఒక్క మాను తగిల్తే సాలండి, ఆయ్."

"ఇంకా మొదటి ప్రమాద హెచ్చరికైనా యివ్వలేదు కదయ్యా! నేను పొద్దున్నే చూశాను," అన్నాడు మావాడు, ఫోను చూపిస్తూ.

ముసలాయన వల పక్కన పెట్టాడు. "ఆ హెచ్చరిక గట్లకండి. పడవకి కాదండి."

యిన్నేళ్ళూ గోదావరి ఒడ్డున వుంటున్నాను. ఆ హెచ్చరికలు వినని వర్షాకాలం లేదు. అంత సూటిగా యెవరైనా చెప్పగా వినలేదు.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహంలో చెప్పాలంటే సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. మా ఆవిడ లెక్కలో రెండు బిందెలు. అంటే మొదటి హెచ్చరికనాటికి సెకనుకు యిరవైలక్షల బిందెలు! 1986 ఆగస్టులో వచ్చిన మహావరదకు సుమారు 35 లక్షల క్యూసెక్కులు దిగింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఈ అంకెలన్నీ దేనికోసం? లంకల్లోవాళ్ళు గొడ్డూగోదా తోలుకుని మెరక చేరుకోవటానికి. గట్లమీద కాపలా పెట్టటానికి. అంతే. పది లక్షలు లేదు గనక తొమ్మిది లక్షల్లో పడవ యెక్కవచ్చునని ఆ అంకెలు యెక్కడా చెప్పలేదు. ఆ మాటకొస్తే అయిదు లక్షల్లోనూ యెక్కవచ్చునని చెప్పలేదు.

అయిదు లక్షలని వూరికే అనటం లేదు. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ గుడి దగ్గర బయల్దేరి పాపికొండలకు వెళ్తున్న రాయల్ వశిష్ఠ అనే బోటు కచ్చులూరు దగ్గర తిరగబడింది. ఆనాడు నదిలో వున్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరికకు సగం. కాని యిక్కడ మన వంతెనల దగ్గర మైలున్నర పైచిలుకు వెడల్పున పరుచుకుని పారే గోదావరి, అక్కడ కొండల మధ్య కొన్ని వందల గజాల్లో యిమిడి పోవాలి. ఇరుకులో పడ్డ నీటికి లోతూ యెక్కువే, వడీ యెక్కువే, సుడులూ యెక్కువే. బోటులో 77 మంది వున్నారని లెక్క తేలింది. బయటపడ్డది 26 మంది. వాళ్ళను లాగింది యే యంత్రాంగమూ కాదు, కేకలు విని తమ పడవలేసుకుని వచ్చిన కచ్చులూరు గిరిజనులు. లైఫ్ జాకెట్లు వున్నాయి. అన్నాల వేళ, ఉక్కగా వుందని కొందరు తీసి పక్కన పెట్టారని బతికినవాళ్ళు చెప్పారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యంగారి బృందం తాళ్ళూ లంగర్లూ వేసి, ముప్ఫై యెనిమిదో రోజున, అక్టోబరు 22న, ఆ బోటును బయటికి లాగింది.

తర్వాత 2020లో కంట్రోలు రూములు పెట్టారు. నీళ్ళెక్కువగా వుంటే బోట్లు ఆపుతున్నారు. మంచిదే. కాని ఆపిన రోజున "మా సెలవంతా పాడయింది" అని ఆ గుమాస్తామీద విరుచుకుపడేవాళ్ళను నేను చూశాను. బోటు నడిపినవాణ్ణి మెచ్చుకుంటాంగాని, నడపనన్నవాడికి మనమేమీ యివ్వం. ఆరోజు ముసలాయన పోగొట్టుకున్నది రెండువేలు. అది ఆయనకు వారం రోజుల వేట.

ఇంత చెప్పి వరద రోజుల్లోనే భయమనుకుంటే అదీ పొరపాటే. వేసవిలో బారేజీ దిగువకు వెళ్ళి చూడండి. యెక్కడ చూసినా ఇసుక తిన్నెలు, మధ్యన పాయలు. మోకాలి లోతు, పసిపిల్ల కూడా నడవవచ్చు. పది అడుగులు వేశాక పదకొండో అడుగుకు నేలుండదు. వరద కోసిన మడుగు కావచ్చు, మనవాళ్ళు ఇసుక తవ్విన గొయ్యి కావచ్చు. పైన నీళ్ళు మాత్రం ఒకే తీరుగా తళతళలాడుతూంటాయి. 2025లో శివరాత్రినాడు తాడిపూడి దగ్గర స్నానానికి దిగిన అయిదుగురు కుర్రవాళ్ళు పోయారు. ఆ మే నెలలోనే కోనసీమలో కమినిలంక దగ్గర యెనిమిదిమంది. పెళ్ళికో పేరంటానికో కలిసి, భోజనాలకు ముందు సరదాగా స్నానం చేద్దామని వెళ్ళే వయస్సు.

గేటు కిందనైతే చెప్పనే అక్కర్లేదు. పైనుంచి పడ్డ నీళ్ళు ముందుకు పోతున్నట్టే వుంటాయిగాని, పైపొర గుండ్రంగా తిరిగి మళ్ళీ గేటువైపే లాగుతుంది. నురుగులో గాలి యెక్కువ. యెంత యీతగాడైనా అందులో తేలడు. చేపలు అక్కడే యెక్కువ పడతాయి, ఫోటోలూ అక్కడే బాగా వస్తాయి. అదీ చిక్కు.

మా చిన్నతనంలో కాలువల్లో అరటిబోదెలు పట్టుకుని ఈత నేర్చుకున్నాం. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో పుట్టి ఈత రాని పిల్లలు యెంతమందో! వాళ్ళకు నీళ్ళంటే భయమూ లేదు, పరిచయమూ లేదు. మా మేనల్లుడి పిల్లలను ఆ మధ్యాహ్నం ముసలాయన తన పడవ దగ్గర కూర్చోబెట్టుకుని, మునిగేవాడి కోసం నీళ్ళలోకి దూకకూడదనీ, తాడో తువ్వాలో వెదురుగడో అందించి, తాను ఒడ్డున బోర్లా పడుకుని లాగాలనీ చూపించాడు. పెద్దపిల్ల నీళ్ళలో వున్నట్టు ఇసుకలో పడుకుంది, చిన్నవాడు తాడు విసిరాడు. మూడోసారికి అందింది. పాపికొండలు చూడలేదన్న దిగులు వాళ్ళకు లేనేలేదు. మావాడు మాత్రం రాజమండ్రి దాటేదాకా ముభావంగానే వున్నాడు.

2027లో పుష్కరాలు. 2015 జూలై 14న మన పుష్కర ఘాటు దగ్గర తొక్కిసలాటలో 27 మంది, నీళ్ళలో కాలుపెట్టకుండానే ప్రాణాలు వదిలారు. అది జ్ఞాపకమున్నవాణ్ణి గనక, మొదటిరోజు పొద్దున్నే యెవరినీ రేవుకు తీసుకుపోయేది లేదని యిప్పటినుంచే వుత్తరాలు రాస్తున్నాను. మా యింటికి యెంత తక్కువైనా ముప్ఫైమంది వస్తారని మా ఆవిడ అంచనా. పరుపులూ గిన్నెలూ లెక్క పెట్టుకుంటూంది. నేను మొన్న సంతలో యిరవై గజాల కొబ్బరితాడు కొనుక్కొచ్చి, వీధి గుమ్మం పక్కన చిలక్కొయ్యకు తగిలించాను. "మనకు గేదె లేదే, యెందుకండీ అది?" అంది. చుట్టాలకోసమన్నాను.