ట్రంకు పెట్టె తాళం

ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి మనం ఏయే సైట్లు చూస్తున్నామో తెలుస్తుందనీ, దాన్నిబట్టి ప్రకటనలు చూపించి డబ్బు చేసుకోవచ్చనీ చెబితే మన హాస్టల్ తమ్ముళ్లు చాలామంది నవ్వేస్తారు. "మనలాంటోళ్లకు దాచుకోవడానికి ఏముందన్నా?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు జరిగిన సంగతి చెబుతాను. బ్రిటన్‌లో బి.టి. అనే పెద్ద టెలిఫోన్ కంపెనీ, ఫోర్మ్ అనే ప్రకటనల కంపెనీతో కలిసి 2006లోనూ 2007లోనూ వేలాదిమంది ఖాతాదారులు చూసే పేజీలను రహస్యంగా గమనించింది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. 2008లో విషయం బయటపడేసరికి జనం మండిపడ్డారు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ కూడా దీన్ని వ్యతిరేకించారు. తాను క్యాన్సర్ గురించి పుస్తకాలు వెతికితే ఆ సంగతి బీమా కంపెనీకి చేరి ప్రీమియం పెరగకూడదన్నది ఆయన వాదన. చివరకు 2009 జూలైలో బి.టి. ఆ పథకాన్ని పక్కన పెట్టింది. 2016లో ఫోర్మ్ కంపెనీయే మూతపడింది. అడిగే జనం ఉంటే కంపెనీలు దిగివస్తాయనడానికి ఇదొక నిదర్శనం.

అమెరికాలో కథ వేరుగా నడిచింది. ఇలాంటి సమాచారం వాడుకోవాలంటే ఖాతాదారుని అనుమతి తీసుకోవాలని 2016లో నిబంధనలు తెచ్చారు. అవి పూర్తిగా అమలు కాకముందే 2017లో రద్దు చేశారు. 2021లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు పెద్ద కంపెనీల తీరును పరిశీలించింది. ప్రకటనల కోసం జనాన్ని జాతినిబట్టి కూడా గుంపులుగా విడదీస్తున్నారని అందులో తేలింది.

ఇది చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. ఊరి చివర ఇల్లు చూసి, బడి రిజిస్టరులో పేరు చూసి మనల్ని విడదీసిన రోజులు మనకు కొత్త కాదు. స్కాలర్‌షిప్ కోసం వెతికేది ఆ ఫోన్‌లోనే. కులధ్రువీకరణ పత్రం ఎలా తెచ్చుకోవాలో చూసేదీ, అమ్మ జబ్బు పేరు కొట్టి చూసేదీ, అప్పు ఎక్కడ పుడుతుందని వెతికేదీ అందులోనే. ఇవన్నీ ఒకచోట చేర్చితే మన బతుకంతా తెలిసిపోతుంది. అవసరంలో ఉన్నవాడిని పోల్చుకుని, అధిక వడ్డీ అప్పుల ప్రకటన వాడి కళ్లముందు పెట్టడం ఎంతసేపు?

దాచుకోవడానికి ఏముందని అడిగే తమ్ముడికి మన ట్రంకు పెట్టెల సంగతి గుర్తు చేస్తాను. అందులో రెండు జతల బట్టలు, ఒక సబ్బు బిళ్ల, ఇంటినుంచి వచ్చిన ఉత్తరం తప్ప ఏముండేవి? అయినా తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాళ్లం. అంతమంది పడుకునే హాలులో ఇది నాది అని చెప్పుకోవడానికి ఆ పెట్టె ఒక్కటే ఉండేది.

మా అమ్మకు చదువు రాదు. హాస్టల్ నుంచి నేను రాసిన ఉత్తరాలు పోస్టుమాన్ గారే చదివి వినిపించేవారు. అమ్మ అడిగింది కాబట్టి చదివారు. అదే దారిలో విప్పి చదివి, ఫలానా వాళ్ల పిల్లవాడికి జ్వరమని మందుల షాపుకు చెప్పి డబ్బు పుచ్చుకుంటే ఊరు ఊరుకునేదా? ఇప్పుడు చాలా సైట్లలో లోపలి విషయం కంపెనీకి కనబడకుండా రహస్య లిపిలో వెళుతుంది. కానీ కవరు మీద చిరునామాలాగా, ఏ సైటుకు వెళ్లామో మాత్రం సాధారణంగా తెలిసిపోతుంది. ఆసుపత్రి చిరునామా చూస్తే చాలదా?

డాక్టర్ అంబేద్కర్ సారథ్యంలో రాసుకున్న రాజ్యాంగంలోని 21వ అధికరణ మనకు అండగా ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. హక్కు పేదవాడికీ ఒకటే, ధనవంతుడికీ ఒకటే.

కాబట్టి తమ్ముళ్లూ, కొత్త సిమ్ తీసుకున్నా, కనెక్షన్ పెట్టించుకున్నా "అంగీకరిస్తున్నాను" అన్నచోట నొక్కేముందు దేనికి ఒప్పుకుంటున్నారో చదవండి. అర్థం కాకపోతే అడగండి. చదువురాని మీ అమ్మానాన్నల ఫోన్లలో ఆ మాటలు మీరే చదివి వినిపించండి. మనకు హాస్టల్ ఇచ్చిన చదువు ముందుగా ఉపయోగపడాల్సింది వాళ్లకే.