సముద్రమున కావల చెప్పిన పాఠములు



ఉద్యోగము కోరువారు తమ విద్యను, అనుభవమును వివరించుచు వ్రాసెడి పత్రమును బయోడేటా యనియు, రెజ్యూమె యనియు నేడు వ్యవహరించుచున్నారు. నేనే యుద్యోగమును చేసినదానను గాను. తండ్రిగారియొద్ద నింటనే కావ్యములు చదువుకొని బడిపంతులుగారి యిల్లాలినైతిని. అయినను ఈ పత్రమునుగూర్చి చెప్పుటకు నాకు కారణము గలదు. మా ఆడబిడ్డ ఆఱేండ్లు అమెరికాలోని యొక విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించి ఈ సంవత్సరము స్వదేశమునకు వచ్చినది. ఇచ్చటి కళాశాలకు దరఖాస్తు పెట్టవలసి వచ్చినపుడు ఆ యాఱేండ్లను ఏ పేరున వ్రాయవలయునో తోచక వారము దినములు కలత చెందినది.

చిక్కేమనగా, మొదటి నాలుగేండ్లును ఆమె పిహెచ్.డి. పరిశోధన చేయుచు టీచింగ్ అసిస్టెంటుగా నుండెను. విశ్వవిద్యాలయమువారు ఫీజు మాఫీచేసి, నెలనెలకు భృతి యిచ్చి, చిన్న తరగతులకు పాఠములు చెప్పించుకొనిరి. పట్టము వచ్చిన పిమ్మట రెండేండ్లు లెక్చరరు. మా బంధువొకరు వచ్చి, “అసిస్టెంటనిన ఇచ్చట ప్రయోగశాలలో సీసాలు కడుగువాడనుకొందురు. ఆఱేండ్లును అసిస్టెంటు ప్రొఫెసరని వ్రాసి పడవేయుము. అమెరికా పోయి చూచువారెవరు?” అనిరి. మా అత్తగారు భయస్థురాలు. “ఆ నాలుగేండ్లు ఊరక చదువుకొన్నట్లే వ్రాసికొనుము తల్లీ, తగవుండదు” అనిరి. ఒకరు లేనిది చేర్పుమనిరి. ఒకరు ఉన్నది తుడిచివేయుమనిరి.

“నీవేమందువు వదినా?” అని ఆమె నన్నడిగినది. నాకు సుందరకాండము తప్ప వేఱు ప్రమాణము తెలియదు. హనుమంతుడు సముద్రము దాటి వచ్చి, సీతను చూచితినన్న ముఖ్యమైన మాటను ముందుగా చెప్పెను. పిదప జాంబవంతు డడుగగా జరిగినదంతయు వరుసగా వినిపించెను. చేసినది దాచలేదు, చేయనిది కలుపలేదు. రామునియొద్దకు పోయినపుడు మాటతో సరిపెట్టక చూడామణిని చేతికిచ్చెను. సముద్రమున కావల చేసిన పనిని ఈవలివారు కన్నులార చూడలేరు గదా. అందుచేత ఆనవాలు కావలసి వచ్చినది.

పదవుల పేర్ల సంగతి మావారు విప్పి చెప్పిరి. లెక్చరరను మాట యొక్కటియే, అర్థములు మూడు. బ్రిటను విశ్వవిద్యాలయములలో బహుకాలముగా లెక్చరరనిన స్థిరమైన యుద్యోగము. అమెరికావారి అసిస్టెంటు ప్రొఫెసరునకు ఇంచుమించు సాటి. అమెరికాలోనో, లెక్చరరు సాధారణముగా గడువు కట్టి నియమింపబడిన బోధకుడు. మన దేశమున లెక్చరరు, రీడరు అను పేర్లుండెడివి. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి 2010 నాటి నిబంధనలతో అవి అసిస్టెంటు ప్రొఫెసరు, అసోసియేటు ప్రొఫెసరుగా మాఱినవి. ఇట్టి స్థితిలో పేరును అనువదింపబోవుట ప్రమాదము. అచ్చటి నియామకపత్రమున నున్న పేరునే యున్నట్లు వ్రాసి, దాని క్రింద చేసిన పనిని తెల్పవలయును. పని చెప్పినయెడల పేరు తనంతట తానే బోధపడును.

ఆ పనిని చెప్పుమనగా మా ఆడబిడ్డ మొదట ఒక్క పంక్తి వ్రాసినది. నేను వంటయింటినుండియే ప్రశ్నలు వేసితిని. ఎంతమంది పిల్లలు? వారమున కెన్ని గంటలు? ప్రశ్నపత్రమెవరు కూర్చిరి? మార్కులెవరు వేసిరి? అప్పుడు బయటపడినది. మొదటి రెండేండ్లు ప్రొఫెసరు పెద్దసభలో ఉపన్యసింపగా, ఈమె యిరువదియైదుగురు చొప్పున రెండు జట్లను కూర్చుండబెట్టుకొని లెక్కలు చేయించి సందేహములు తీర్చెడిది. తరువాతి రెండు వేసవులలో పాఠ్యక్రమము మొదలు తుది మార్కుల వఱకు ఒక తరగతి భారమంతయు ఆమెదే. ఈ రెండును ఒక్కటి కావు. ఇంత పనిని టీచింగ్ అసిస్టెంటను రెండు మాటలలో పూడ్చిపెట్టి, గొప్ప కొఱకు వేఱొకరి పదవిని ఎరువు తెచ్చుకొనుటయా! అచ్చటి క్రెడిట్ల లెక్కయు ఇచ్చటివారికి సులభముగా తెలియదు గనుక, మూడు క్రెడిట్ల పాఠమనిన వారమునకు సుమారు మూడు గంటల తరగతి, పదునైదు వారములు అని విప్పి వ్రాయించితిని.

కాని వ్రాయుట వేఱు, లెక్కించుట వేఱు. దరఖాస్తులో ఎన్ని యేండ్ల యనుభవమని యొక గడి యుండును. 2018 నాటి నిబంధనలలో, విదేశమున చేసిన క్రమబద్ధమైన సేవను గూడ కొన్ని షరతులపై లెక్కింపవచ్చునని యున్నది; పిహెచ్.డి. సంపాదించుటకు పట్టిన కాలమును మాత్రము బోధనానుభవముగా కోరరాదని యున్నది. ఉద్యోగములో నుండి సెలవు పెట్టక పరిశోధన చేసినవారి మాట వేఱు. కావున ఆ నాలుగేండ్లను పత్రమున సవివరముగా వ్రాసి, గడిలో చేర్పలేదు. లెక్చరరు పని చేసిన రెండేండ్లే చూపినాము. అవియైనను చెల్లునో లేదో నియామక సంఘమువారు తేల్చవలసినదే. బంధువుగారు దీనిని విని పెదవి విఱిచిరి. విఱువనిండు. కొలువు దొరకిన పదేండ్లకు పత్రములు తిరుగవేసి చూచినపుడు తల దించుకొనవలసినది ఆమెయే గాని వారు గారు.

వరుస విషయమున నాకొక వింత తోచినది. శ్రీనాథుడు కాశీఖండమున ఏ వయస్సున ఏ గ్రంథము రచించెనో బాల్యము మొదలుకొని చెప్పికొనెను. నేటి పత్రము తలక్రిందులు. నిన్నటి పని మొదట, తొలినాటి పని తుదిని!

ఇక చూడామణి. విదేశమున పాఠములు చెప్పుచున్న అక్కచెల్లెండ్రు విమానమెక్కకముందే దీనిని సంపాదింపవలయును. ఉద్యోగుల కార్యాలయమువారి పత్రమున సాధారణముగా పదవియు తేదీలును మాత్రమే యుండును. ఏ పాఠము, ఎందఱికి, ఎట్లు చెప్పినదో శాఖాధ్యక్షుడు వ్రాసి యిచ్చిన లేఖ వేఱుగా కావలయును. అధ్యక్షులు మాఱుచుందురు, వచ్చిన తరువాత అడిగిన, మనలనెఱిగినవారు అచ్చట నుండకపోవచ్చును. మా ఆడబిడ్డ రెండవదానికై ఇప్పుడు ఉత్తరము మీద నుత్తరము వ్రాయుచున్నది.

మగవారికి లేని తంటా యింకొకటి గలదు. ఆమె యిచ్చటి పట్టములు పుట్టినింటి పేరున నున్నవి. అమెరికాలో పొందిన పట్టమును, అనుభవపత్రమును అత్తవారింటి పేరున నున్నవి. అంతే కాదు, మనము ముందు వ్రాసికొను ఇంటిపేరు అచ్చట తుదకు పోయినది. చూచువారికి ఇద్దఱు స్త్రీలు! అందుచేత పత్రము నెత్తిమీదనే రెండు పేర్లును వ్రాసి, రెండును తననే తెలుపునని నోటరీ ముందు ప్రమాణపత్రము చేయించి, వివాహ ధ్రువపత్రపు నకలుతో జతపఱచినాము. దరఖాస్తు పోయి పదునెనిమిది దినములైనది. పిలుపింకను రాలేదు.