కరామాలో కూర్చునే చోటు

దుబాయ్ మెట్రో ఎర్ర లైనులో ఏడీసీబీ స్టేషన్‌లో దిగి బయటికొస్తే కరామా. మొదట్లో ఆ స్టేషన్‌ పేరే అల్ కరామా. ఒక పక్క బర్ జుమాన్ మాల్, ఇంకో పక్క జబీల్ పార్కు, ఆ పార్కులో 2018 జనవరిలో తెరిచిన దుబాయ్ ఫ్రేమ్. ఆకాశాన్నంటే కట్టడాలకి పేరుపడ్డ ఊళ్ళో ఈ పేట మాత్రం పాతకాలపు పొట్టి భవనాలతో, కింద దుకాణాలతో, పైన బట్టలారేసిన బాల్కనీలతో మన ఊరి బజారు వీధిలాగే ఉంటుంది. ఇక్కడికొచ్చే పర్యాటకులు ఎక్కువగా బ్యాగులూ గడియారాలూ బేరమాడి వెళ్ళిపోతారు. నేను కరామాని దాని హోటళ్ళ కోసం చూడమంటాను. మామూలు మనిషి తన జీతంలో, హోదాతో పని లేకుండా, తొందర లేకుండా కూర్చుని తినే చోటు ఒక ఊరికి ఎంత అవసరమో, దాన్ని నిలబెట్టేది ఏమిటో ఈ వీధుల్లో తెలిసినంత స్పష్టంగా మరోచోట తెలియదని నా నమ్మకం.

ఇలాంటి చోటుని అమెరికావాళ్ళు ఒక వ్యాపారంగా మలిచారు. 1978లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో చికాగో తరహా మందపాటి పిజ్జాతో మొదలైన బీజేస్ అనే హోటలు 1996లో బ్రెయా పట్టణంలో సొంతంగా బీరు కాయడం మొదలుపెట్టి, ఇప్పుడు రెండు వందలకి పైగా శాఖలున్న సంస్థ అయింది. పిజ్జా, దాని పక్కన ఇంట్లో కాచిన బీరు, పెద్ద హాలు, టీవీలో ఆట, పిల్లలకి వేరే మెనూ: ఇదీ దాని నమూనా. ఇందులో బీరు చేసే పని రెండు రకాలు. పిండీ చీజూ కంటే పానీయం మీద మిగిలేది ఎక్కువ కాబట్టి హోటలు ఖర్చుకి అది దన్ను. కూర్చున్నవాళ్ళని మరో గంట కూర్చోబెట్టేదీ అదే. మరి ఆ రెండో స్తంభం తీసేస్తే ఇల్లు నిలుస్తుందా? కరామా ఈ ప్రశ్నకి జవాబు చెప్పగల చోటు. ఎందుకంటే ఇక్కడ వీధి హోటల్లో బీరు దొరకదు.

దుబాయ్‌లో మద్యం అమ్మాలంటే లైసెన్సు కావాలి. ఆ లైసెన్సులు ఎక్కువగా బస హోటళ్ళకీ, క్లబ్బులకీ, ప్రత్యేకంగా అనుమతించిన కొన్ని ప్రాంగణాలకీ దక్కుతాయి. తాగేవాడికి 21 ఏళ్ళు నిండాలి. పక్కనున్న షార్జాలో అసలు మద్యమే నిషిద్ధం. అబుదాబి 2021లో నిబంధనలు సడలించాక అల్ మర్యా ద్వీపంలో 'క్రాఫ్ట్ బై సైడ్ హసిల్' అనే చోట అక్కడికక్కడే బీరు కాచి పోయడం మొదలైంది. గల్ఫ్‌లో అది పెద్ద మార్పే. దుబాయ్ కూడా మద్యం మీద వేసే 30 శాతం పన్నుని 2023 జనవరిలో ఆపింది, 2025 జనవరిలో మళ్ళీ తెచ్చింది. ఈ హెచ్చుతగ్గులు కరామా భోజనపు బల్ల దాకా రాలేదు. ఇక్కడి ఫ్రిజ్‌లో బీరుకి దగ్గరి చుట్టం అంటే బార్బికన్ సీసా. యవల మాల్టుతో చేసి, మత్తు లేకుండా, పీచ్ వంటి రుచులు కలిపి అమ్మే పానీయం. అది కాకపోతే నిమ్మకాయ పుదీనా, మజ్జిగ, ఫిల్టరు కాఫీ, చివరికి ఆకుపచ్చ ఏలకుల వాసనతో చిక్కగా మరిగిన కరక్ ఛాయ్.

బీరు లేని హాల్లో ఎవరెవరు కూర్చున్నారో చూడండి. బుర్ఖాలో తల్లి, ఆవిడ వెనక బల్ల దగ్గర ఉల్లి వెల్లుల్లి లేకుండా చెయ్యమని వెయిటరుకి చెబుతున్న గుజరాతీ కుటుంబం, యూనిఫాం విప్పకుండానే వచ్చిన సెక్యూరిటీ గార్డులు, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, లెక్కల పుస్తకం ముందేసుకున్న ఇద్దరు వ్యాపారులు. మద్యం పోసే చోట వీళ్ళలో సగం మంది గడప తొక్కరు. మద్యం ఉంటేనే మనుషులు కలుస్తారని అనుకునేవాళ్ళకి నేను ఈ హాలుని చూపిస్తాను. దీనికి ఎదురు వాదన ఉంది, అది న్యాయమైనదే: రోజంతా ఎండలో పనిచేసినవాడు ఒక బీరు తాగాలనుకుంటే తప్పేముంది, అతన్ని ఖరీదైన హోటల్ బారుకి తరమడం పేదవాడికి విధించిన శిక్ష కాదా? తప్పేమీ లేదు. ధరల దృష్టితో చూస్తే అది శిక్షే. ఈ చట్టం మంచిదో చెడ్డదో తేల్చడం నా ఉద్దేశం కాదు. బీరు లేకపోయినా జనం గంటల తరబడి కూర్చుంటున్నారు, హోటళ్ళు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. కాబట్టి వాళ్ళని కూర్చోబెట్టే బలం మరేదో ఉంది.

ఆ బలం పైఅంతస్తుల్లో కనిపిస్తుంది. కరామాలో ఒంటరిగా ఉండే ఉద్యోగి అద్దెకి తీసుకునేది ఇల్లు కాదు, చాలాసార్లు గది కూడా కాదు, 'బెడ్ స్పేస్'. ఒకే గదిలో అంచెలంచెల మంచాలు, మంచం కింద సూట్‌కేసు, వంటింట్లో వంతులు. గదులని అట్టగోడలతో ముక్కలు చెయ్యొద్దని మున్సిపాలిటీ ఎన్నిసార్లు హెచ్చరించినా, అద్దెలు పెరిగినప్పుడల్లా మంచాల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. అలాంటి మనిషికి ఊరినుంచి వచ్చిన బావమరిదిని కూర్చోబెట్టి మాట్లాడే చోటేదీ? కింద హోటలే అతని వసారా. ఒక ఛాయ్‌తో అరగంట, ఒక భోజనంతో గంట. ఈ లెక్క తెలియకుండా కరామా హోటళ్ళు అర్ధరాత్రి దాకా ఎందుకు కిటకిటలాడతాయో అర్థం కాదు.

మధ్యాహ్నం భోజనం బల్ల మీదికి రావడం దగ్గరగా చూడదగ్గది. స్టీలు పళ్ళెం చుట్టూ చిన్న గిన్నెలు: సాంబారు, రసం, కూటు, వేపుడు, పెరుగు, పాయసం, మధ్యలో అప్పడం. పళ్ళెంలో అన్నం తరగడం మొదలవగానే నాలుగు గిన్నెలు ఒకే పిడికి బిగించిన వడ్డన కేరియరుతో మనిషి బల్లల మధ్యకి వస్తాడు. అడగడు, కళ్ళతోనే అడుగుతాడు. చెయ్యి అడ్డం పెడితే ఆగుతాడు, లేకపోతే గరిటె దిగుతుంది. మారు వడ్డనకి వేరే బిల్లు లేదు. ఆంధ్రా భోజనం బోర్డున్న చోట ముద్దపప్పు, గోంగూర, కందిపొడి, దాని మీద నెయ్యి ఈ వరసలో ముందే చేరతాయి. ఎంత తింటావో నీ ఇష్టం, ధర మాత్రం ముందే తెలుసు అనే ఒప్పందం, జీతం రాళ్ళు లెక్కపెట్టుకుని ఇంటికి పంపేవాడికి గొప్ప ధైర్యం. అమెరికాలో మనిషిని కూర్చోబెట్టే బీరు పని ఇక్కడ మారు వడ్డన చేస్తోంది.

పిజ్జా సంగతి కొంచెం వేరు. పెద్ద పిజ్జా సంస్థలు ఈ దేశంలో కావలసినన్ని ఉన్నాయి. పిజ్జా హట్‌ని నడిపే అమెరికానా సంస్థ 2022 డిసెంబరులో అబుదాబి, రియాద్ స్టాక్ ఎక్స్చేంజీలు రెండింట్లోనూ నమోదయ్యేంత పెద్దది. కరామా వీధుల్లో దొరికే పిజ్జా మీద పనీర్, చికెన్ టిక్కా, కీమా ఉంటాయి. పెప్పరోనీ అడిగితే పంది కాదు, గొడ్డు మాంసం. కానీ ఈ నేల పిజ్జాని చూడాలంటే లెబనీయుల రొట్టెల బట్టీ దగ్గర నిలబడాలి. పిండి ముద్దని పరిచి, పదివేళ్ళ కొసలతో గుంటలు నొక్కి, ఆలివ్ నూనెలో కలిపిన జాతర్ అనే నువ్వుల, మూలికల పొడి ఆ గుంటల్లోకి దిగేలా పులిమి, పొడుగాటి చెక్క పారతో బట్టీలోకి తోస్తారు. రెండు మూడు నిమిషాల్లో అంచులు ఉబ్బి, మధ్యలో నువ్వులు చిటపటమంటూ బయటికొస్తుంది. అదే మనాకీష్. కొందరు చీజు వేయించుకుంటారు, మడిచి కాగితంలో చుట్టించుకుని నడుస్తూ తింటారు. పొద్దున్నే పనికి పోయేవాడికి మన ఇడ్లీ ఎంతో, ఇక్కడివాళ్ళకి ఇది అంత. మలయాళీ కెఫెటేరియాల్లో అయితే పరాటా మీద చీజు రాసి, చిప్స్ ఒమన్ పొట్లం నలిపి చల్లి చుట్టి ఇస్తారు. కేరళ పరాటా, చీజు, ఒమన్ బంగాళాదుంప ఒకే చేతిలో కలవడం ఏ కంపెనీ వంటశాలలోనూ ఆలోచించి చేసింది కాదు, ఆకలీ బేరమూ కలిసి చేశాయి.

ఇంతకీ ఇవి కూడా గొలుసు హోటళ్ళే కదా, ఏ శాఖలో తిన్నా ఒకే దోసె, ఒకే సాంబారు, ఇందులో ఊరి ఆత్మ ఎక్కడుంది అని అడిగేవాళ్ళున్నారు. 1981లో చెన్నైలో పుట్టిన శరవణ భవన్ విదేశాల్లో మొదటి శాఖని 2000లో దుబాయ్‌లోనే తెరిచింది. 1939లో కోళికోడ్‌లో మొదలైన పారగాన్ కరామాలో నిత్యం వరస కట్టించుకునే హోటలు. ఒకేలా ఉండటం స్వదేశంలో విసుగు కావచ్చు. వలస వచ్చినవాడికి అది హామీ. రుచి మారదు, ధర మారదు, శాకాహారమంటే శాకాహారమే. ఆపైన, ఈ సంస్థలు పెట్టుబడిదారుల లెక్కల కాగితాల్లోంచి రాలేదు. ముందు జనం వచ్చారు, వాళ్ళ వెనక వాళ్ళ వంట వచ్చింది. అందుకే నాకు ఈ ప్రశ్నలో బాధించే భాగం వేరు. ఈ వరసలో తమిళం ఉంది, మలయాళం ఉంది, కరాచీ వంట ఉంది, రాజస్థాన్ మిఠాయి ఉంది; ఆ స్థాయి తెలుగు సంస్థ ఏది? మన వంట ఎక్కువగా 'సౌత్ ఇండియన్' బోర్డు కిందో, హైదరాబాద్ బిర్యానీ పేరు మీదో సర్దుకుంటోంది. కారణం రుచిలో లేదు. మలయాళీలు గుమాస్తాలుగా, దుకాణదారులుగా ముందు తరాల్లోనే వచ్చి పెట్టుబడి కూడబెట్టారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్లల నుంచి వచ్చినవాళ్ళు అప్పు చేసి, ఏజెంటుకి డబ్బు కట్టి, కట్టుబడి పనుల్లోకి దిగారు. సోనాపూర్, అల్ ఖోజ్ లేబర్ క్యాంపుల నుంచి సెలవు రోజున వచ్చి తినిపోయేవాడు ఆకలి తెస్తాడు, పెట్టుబడి తేలేడు. ఐటీ ఉద్యోగులతో ఇప్పుడు ఆ పరిస్థితి మారుతోంది, ఆంధ్రా మెస్సులు పెరుగుతున్నాయి. వాటిని నడిపేవాళ్ళు 'సౌత్ ఇండియన్' ముసుగు తీసి పప్పుచారునీ పచ్చిపులుసునీ వాటి పేర్లతోనే మెనూలో రాయాలని నా కోరిక.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇంకోటి ఉంది. ఈ చవక ఎవరి చెమట మీద? వంటింట్లో ఉన్నవాడి జీతం తక్కువ కాబట్టే బల్ల మీది భోజనం చవక అంటే, నేను పొగిడేదంతా అన్యాయాన్ని పొగడటమే అవుతుంది. దీన్ని నేను దాటవేయను. ఎమిరేట్స్‌లో విదేశీ కార్మికులకి చట్టం నిర్ణయించిన కనీస వేతనం లేదు. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే ఈ దేశానికి వచ్చే కార్మికుల కనీస సిఫారసు వేతనాన్ని 200 డాలర్లకి దించింది. తెలంగాణ గల్ఫ్ కార్మికుల పక్షాన హైకోర్టులో కేసు పడ్డాక 2021లో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలనే నియమం ఉంది, కానీ అది ఆరుబయట పనికే. తందూరు ముందు నిలబడినవాడికి ఆ మూడు నెలలూ సరిగ్గా అదే భోజనాల వేళ. అయినా నా వాదన ఇక్కడ కూలిపోదు. పన్ను, అద్దె, విద్యుత్తు, సరుకు, జీతం అన్నీ కలిస్తే ధర. దానిలో వంటవాడి వాటా పెంచితే భోజనం మీద పెరిగేది ఒకటో రెండో దిర్హాములైతే, ఆ రెండూ చెల్లించడానికి సిద్ధపడాల్సింది మనమే, కాస్త బాగా సంపాదించి ఇక్కడ తినేవాళ్ళం. వేతన రక్షణ వ్యవస్థని ఈ దేశం 2009లో తెచ్చి, జీతాలు బ్యాంకులూ అనుమతి ఉన్న ఆర్థిక సంస్థల ద్వారానే పడాలంది. అలాంటి నియమం తేగలిగినవాళ్ళు వంటింటి వేడికి కూడా నియమం తేగలరు.

బల్లకి నిజంగా ముప్పు తెస్తున్నవి డెలివరీ, అద్దె. యాప్‌లో ఆర్డరిచ్చి గదిలోనే తినే అలవాటు బలపడితే, హాలు ఎందుకని యజమాని వంటిల్లు మాత్రమే ఉంచుకుంటాడు. బెడ్ స్పేస్ మనిషి మంచం మీద కూర్చుని డబ్బా విప్పుకుంటాడు. ఆ సౌకర్యానికి ధర ఎవరు కడుతున్నారో 2022 మే నెలలో తెలిసింది. డెలివరీకిచ్చే సొమ్ముని డెలివరూ అనే యాప్ సంస్థ తగ్గించబోతే, సమ్మెలంటేనే చట్టవిరుద్ధమైన దేశంలో దాని రైడర్లు బళ్ళు ఆపేశారు, సంస్థ వెనక్కి తగ్గింది. అద్దెల మాటకొస్తే, 2025 జనవరి నుంచి దుబాయ్ భూవిభాగం ఇళ్ళ అద్దెకి భవనం నాణ్యతని బట్టి సూచిక నిర్ణయిస్తోంది. దాని ప్రకారం పాత భవనానికి తక్కువ అద్దె ఉండాలి. ఆ లెక్కతో పాత కరామా నివాసికి కొంత రక్షణ దొరకవచ్చు. యజమాని అదే భవనాన్ని కూల్చి కొత్తది కడితే ఆ రక్షణ కూడా పోతుంది. కింది అంతస్తులో మారు వడ్డన చేసే హోటలు కొత్త అద్దెకి తట్టుకోలేదు, దాని చోట కాఫీ కప్పు పాతిక దిర్హాములకి అమ్మే దుకాణం వస్తుంది. కాబట్టి కరామా చూడాలనుకునేవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం ఒంటి గంట దాటాక వెళ్ళండి. 2022 నుంచి ఇక్కడ సెలవు శని, ఆదివారాలకి మారింది కాబట్టి క్యాంపుల బస్సులు చాలావరకు ఆ రోజే వస్తాయి. పార్సిల్ కట్టించుకోకండి. బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడండి, అపరిచితుల పక్కన కూర్చోమంటే కూర్చోండి, ఏ ఊరని అడగండి. జగిత్యాలో, కడపో, రాజోలో చెబుతారు.