మార్దిన్ మెట్ల మీద...

“ఇంత పెద్ద సెట్టు ఏ ప్రొడ్యూసరు వేయించాడండీ!”

టాక్సీ మలుపు తిరగ్గానే అప్రయత్నంగా నా నోట వచ్చిన మాట అది. డ్రైవరుకి తెలుగు రాదు కనుక సరిపోయింది!

కొండ వాలు మీద మెట్లు మెట్లుగా పసుపురంగు రాతి మేడలు. పైన కోట. కింద కనుచూపు మేర మెసొపొటేమియా మైదానం. ఇదీ మార్దిన్. టర్కీకి ఆగ్నేయ మూల, సిరియా సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఊరు.

నిజం చెప్పొద్దూ... నేను వెళ్లింది చరిత్ర కోసం కాదు, సీరియళ్ల కోసం! 2006లో మొదలైన ‘సిలా’, 2019లో మొదలైన ‘హెర్జాయి’ తీసింది ఈ ప్రాంతంలోనే. తూర్పున మిద్యాత్ అనే ఊళ్లో ఆ సీరియల్ మేడ ముందు నేనూ అందరిలాగే నిలబడి, పోజుమీద పోజిచ్చి, డజను ఫొటోలు దిగాను.

మార్దిన్ వీధుల్లో పడ్డాక సీరియళ్లు మర్చిపోయాను. ఇక్కడి సున్నపురాయి తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుందట. అందుకే కిటికీల చుట్టూ లేసు అల్లినట్టు చెక్కేశారు! ఒకరి ఇంటి కప్పు పై ఇంటివారికి వాకిలి. సందుల మీద ఇళ్లు, ఇళ్ల కింద సొరంగాల్లాంటి దారులు. వాటిని ‘అబ్బరా’లంటారు. లారీలు దూరని ఈ సందుల్లో చెత్త మోయడానికి మునిసిపాలిటీ గాడిదల్ని పెట్టుకుందంటే నమ్మండి!

ఒక్క బజారులో నాలుగు భాషలు విన్నాను. టర్కిష్, కుర్దిష్, అరబిక్, సిరియాక్. ఏసుక్రీస్తు మాట్లాడిన అరమేయిక్‌కి దగ్గర చుట్టం ఈ సిరియాక్. 1385 నాటి జిన్‌జిరియే మదరసా మిద్దె మీద నిలబడితే పెద్ద మసీదు మినారు కనబడుతుంది. అక్కణ్ణించి నాలుగు సందులు తిరిగితే నలభైమంది అమరుల చర్చి. వెండి తీగపని దుకాణంలో మన కరీంనగర్ గుర్తొచ్చింది. అదే సన్నటి తీగ, అదే ఓపిక!

అయితే ఈ అందం వెనక ఓ పెద్ద విషాదం ఉంది. ఊళ్లో అందరూ చూపించే ఓ మేడ 1890లో కట్టింది. కట్టినవాడు సర్కిస్ లోలే అనే అర్మీనియన్ శిల్పి. చాలాకాలం అది పోస్టాఫీసుగా ఉండేది. 1915 మారణకాండలో అర్మీనియన్లు, సిరియాక్ క్రైస్తవులు వేలాదిగా బలయ్యారు. మిగిలినవాళ్లలో చాలామంది తర్వాతి దశాబ్దాల్లో స్వీడన్, జర్మనీ వెళ్లిపోయారు. వాళ్లు చెక్కిన రాళ్లున్నాయి, వాళ్లే లేరు.

ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో దేరుల్‌జఫరాన్ మఠం. అంటే కుంకుమపువ్వు మఠం అన్నమాట. 5వ శతాబ్దంలో మొదలైంది. అడుగున అంతకు పూర్వపు సూర్య దేవాలయం ఉంది. దాని కప్పు చూస్తే మతిపోతుంది! సున్నం లేదు, అడుసు లేదు... రాయిని రాయే పట్టుకుని నిలిచింది. శతాబ్దాల తరబడి, 1932 దాకా, సిరియన్ ఆర్థడాక్స్ పాట్రియార్క్‌ల పీఠం ఇదే. వారిని కూర్చున్న భంగిమలోనే సమాధి చేసేవారట.

చూపించడానికి వచ్చిన కుర్రాడికి పాతికేళ్లుంటాయేమో. “ఏ దేశం?” అన్నాడు.

“ఇండియా.”

వాడి మొహం వెలిగిపోయింది. “అయితే మా పెద్దాయన మీ దగ్గరే ఉన్నాడండీ! చూశారా?”

నాకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. పాట్రియార్క్ మూడవ ఇగ్నేషియస్ ఎలియాస్ మార్దిన్ బిడ్డ. కేరళలోని తమ చర్చి తగవు తీర్చడానికి 1931లో ఓడెక్కి వచ్చాడు. 1932 ఫిబ్రవరిలో మంజినిక్కరలో కన్నుమూశాడు. అక్కడే సమాధి. తర్వాత పీఠం కూడా మార్దిన్ వదిలి సిరియాకి తరలిపోయింది.

“మాలో ఎవరం అంతదూరం వెళ్లగలం? మీరు వెళితే నా పేరున ఓ కొవ్వొత్తి వెలిగించండి.”

ఏం చెప్పను? ఒక్కరోజు రైలు ప్రయాణంలో ఉన్న ఊరి పేరు వినడానికి మార్దిన్ దాకా రావలసి వచ్చింది! తలూపి ఊరుకున్నాను. వాడిచ్చిన కాఫీ చేదుగా ఉంది. అక్కడి ‘మిర్రా’ కాఫీ చేదే లెండి.

మిద్యాత్ మేడ ముందు దిగిన ఫొటోలు ఇంకా ఎవరికీ చూపించలేదు. చెంగన్నూరుకి టిక్కెట్టు మాత్రం తీసుకున్నాను.